ముందు ఒక్కటే

“పన్నెండూ ఒకేసారి పోతే?”

సత్తిరాజు ఈ మాట పైకే అనేశాడు. ఎదురుగా వింటున్నది పది నెలల పాప. దాని నోటిదాకా రాగిజావ చెంచా తీసుకెళ్ళి, అక్కడ ఆపేసి, మిగతా పని మరిచిపోయాడు. పాప నోరు తెరుచుకుని చెంచా వైపే చూస్తోంది.

వంటింట్లోంచి రత్నం కేకేసింది. “పన్నెండెవరండీ?”

“సర్వర్లు.”

“పొద్దున్నే పిల్ల ముందు పోయే మాటలేమిటి? ఆ చెంచా ఏదో లోపల పెట్టండి, దాని దవడలు నొప్పెడతాయి.”

సత్తిరాజుకి భయాలు కొత్తకాదు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాడు కనుక ప్రతి భయానికీ ఒక లెక్క కూడా ఉండేది. పాప పుట్టిన వారంలోనే, సీలింగు ఫ్యాను ఊడితే సరిగ్గా ఎక్కడ పడుతుందో లెక్కకట్టి ఉయ్యాలని గోడవైపు జరిపాడు. గోడ పక్కన స్విచ్చిబోర్డు ఉందని కిటికీ దగ్గరికి జరిపాడు. కిటికీ దగ్గర వడగాలి తగులుతుందని బీరువా పక్కకి, బీరువా మీది సూట్‌కేసు పడుతుందని తలుపు దగ్గరికి. అలా ఆ ఉయ్యాల గదంతా ప్రదక్షిణం చేసి, పదిహేను రోజుల్లో మళ్ళీ ఫ్యాను కిందికే వచ్చి చేరింది. పాప నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూడటం ఆయన నిత్యకృత్యం. ఆ వేలు తగిలి పాప లేచి ఏడిస్తే గాని ఆయనకి స్థిమితం ఉండేది కాదు.

ఆ అక్టోబరులో వచ్చిన భయం మాత్రం ఇంట్లో పుట్టింది కాదు. సత్తిరాజు పనిచేసేది రాయ్‌పూర్ దగ్గర సిల్తారాలోని ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో. ఫ్యాక్టరీ సిల్తారాలో, ఆఫీసు శంకర్ నగర్లో, లారీల యార్డు మందిర్ హసౌద్‌లో. మూడు చోట్లా కలిపి పన్నెండు డేటాబేస్ సర్వర్లు. పన్నెండూ సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకుంటాయి. రెండు నెలలు గడిస్తే రెండువేల సంవత్సరం. అప్పుడవి పందొమ్మిది వందల సంవత్సరంలోకి వెళ్ళి కూర్చుంటాయని దేశమంతా గగ్గోలుగా ఉంది. దీపావళిలోగా పన్నెండింటిలోనూ తేదీ సెట్టింగు మార్చాలని ఆర్డరు వచ్చింది. ఆ పని సత్తిరాజుకి అప్పగించారు. అదే నెలాఖరుకి ఆయన ప్రొబేషన్ పూర్తవుతుంది. పని సవ్యంగా జరిగితే ఉద్యోగం పర్మినెంటు. జరగకపోతే పెళ్ళాం పిల్లతో అనకాపల్లి వెళ్ళి మామగారి ఎదుట నిలబడాలి.

ఇంత భయానికి రాయ్‌పూర్ మొత్తంలో మందున్నది ఒక్కరి దగ్గరే. ఆయన సత్తిరాజుకన్నా పిరికివాడు. అదే ఆఫీసులో సర్వర్లు చూసే సీనియరు, పేరు భీమారావు.

భీమారావు సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన ఏ పనైనా ముందు ఒక్కటి చేసి, ఆగి, చూసి, అప్పుడుగాని రెండోదాని జోలికి పోడు. సర్వర్ల విషయంలోనే కాదు. అన్నిటిలోనూ.

పొద్దున్నే పోహా, అంటే అటుకుల ఉప్మా, అమ్మే బండి దగ్గర ఆయనకి ప్లేటు ఇవ్వరు. ముందు ఒక చెంచా పోహా ఇస్తారు. అది తిని, వాచీ చూసుకుని, పది నిమిషాలు రోడ్డు మీద పోయే జనాన్ని చూసి, కడుపు ఏమీ అనకపోతే తల ఊపేవాడు. అప్పుడు ప్లేటు. ఇరవై ఏళ్ళుగా అదే బండి, అదే మనిషి, అదే పోహా. “సాహెబ్, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా తేడా చేసిందా?” అని బండివాడు హిందీలో వాపోతే, “నిన్నటిది నిన్ననే తినేశాను కదా భాయ్, ఇవాళ్టిది కొత్తది” అనేవాడు. ఆ బజారంతా ఆయన్ని ‘పహలే ఏక్ సాహెబ్’ అనేది. అంటే ‘ముందు ఒక్కటే’ దొరగారని.

కొత్త బూట్లు కొంటే మొదటి రోజు ఒకటే వేసుకునేవాడు. రెండో కాలికి పాతది.

“ఇదేమిటండీ, ఒకటి నల్లగా, ఒకటి వెలిసిపోయి?” అని సత్తిరాజు మొదటిసారి చూసినప్పుడు అడిగాడు.

“కొత్త బూటు కరుస్తాది బాబూ. కరిస్తే ఒక కాలినే కరుస్తాది. రెండోది ఇంటికి నడిపించుకుపోతాది.”

ఆయన స్కూటరు కూడా అంతే. సర్వీసింగు నుంచి తెస్తే, భార్య తాయారమ్మగారు ముస్తాబై గుమ్మంలో నిలబడి ఉన్నా సరే, ముందు కాలనీ చుట్టూ ఒక్కడే ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. బ్రేకులు పడ్డాయని తేలాక ఆవిడని ఎక్కించుకునేవాడు. ఈలోగా వాళ్ళు వెళ్ళాల్సిన సినిమాలో టైటిళ్ళు అయిపోయేవి.

ఒకసారి మీసం తీసేయాలనుకున్నాడు. మంగలి సగం తీశాక “బస్” అన్నాడు. ఆ సగం మీసంతో ఆఫీసుకి వచ్చాడు. జీఎం గారు కాసేపు తేరిపార చూసి, “భీమారావ్, ఆధీ మూఛ్ కహాఁ గయీ?” అన్నారు, సగం మీసమేదని.

“టెస్టింగ్ చల్ రహా హై సర్.”

సాయంత్రానికి టెస్టింగు ఫలితం వచ్చింది. తాయారమ్మగారు తలుపు తీయలేదు. కాబట్టి మళ్ళీ పెంచాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆయన పెళ్ళి ముచ్చట ఒక ఎత్తు. మూడు ముళ్ళలో మొదటి ముడి వేసి ఆగిపోయాడట. బాజాలు మోగుతున్నాయి, అక్షింతలు పడిపోతున్నాయి, పురోహితుడు “కానీ, కానీ” అంటున్నాడు. పెళ్ళికొడుకు మాత్రం వంగి, పెళ్ళికూతురి మొహంలోకి చూస్తూ ఉండిపోయాడట. ఎంతసేపటికో గాని రెండో ముడి పడలేదట. “పెళ్ళిలోనూ పహలే ఏకే!” అని ఫ్యాక్టరీలో తెలుగువాళ్ళు ఎవరికి ఆవలింత వచ్చినా ఈ కథ చెప్పుకుని నవ్వుకునేవారు. ఎదుటే చెప్పినా భీమారావు కాదనేవాడు కాదు. “మూడూ ఒక్కపాలే వేసీమంటే ఎలాగ?” అనేవాడు.

సర్వర్ల పనిలో ఈ అలవాటు ఎలా ఉండేదో ఇక ఊహించుకోవచ్చు. చిన్న సెట్టింగు మార్చాలన్నా ఆయన స్కూటరెక్కి ఒక్కో చోటికీ స్వయంగా వెళ్ళేవాడు. ఒకటి మార్చి, అక్కడే కూర్చుని టీ తాగి, అది బతికే ఉందని చూసి కదిలేవాడు. పన్నెండింటికి పన్నెండు టీలు, మూడు వారాలు.

సత్తిరాజు మూడు వారాలు భయపడలేడు. ఆయనది తొందరపెట్టే భయం. సూది వేయించుకోవలసి వస్తే క్యూలో ముందుకు తోసుకెళ్ళే రకం. అందుకని ఒక స్క్రిప్టు రాశాడు. స్క్రిప్టంటే కంప్యూటరుకి రాసిచ్చే పనుల చీటీ. పన్నెండు సర్వర్ల పేర్లు ఒక జాబితాలో ఉంటాయి. స్క్రిప్టు ఒక్కొక్క పేరూ చదివి, ఆ సర్వర్లోకి వెళ్ళి, కొత్త సెట్టింగుల ఫైలు పెట్టి, డేటాబేస్ ఆపి, మళ్ళీ లేపి, తర్వాతి పేరుకి పోతుంది. శంకర్ నగర్ ఆఫీసులో కుర్చీలోంచి కదలక్కర్లేదు. మొత్తం పని అరగంట.

శనివారం మధ్యాహ్నం భోజనాలవేళ, యార్డులో లారీలు తక్కువగా ఉన్నప్పుడు నడపాలని ముహూర్తం పెట్టుకున్నాడు. పాతవాటి నకళ్ళు తీసిపెట్టుకుంటే చాలు, ఏం జరిగినా వెనక్కి రావచ్చు. ఆ బ్యాకప్ పని ఆపరేటరు దేవాంగన్‌ది. కంప్యూటరు గది బోర్డు మీద దేవాంగన్ హిందీలో సుద్దతో రాసి ఉంది: ‘సబ్ బ్యాకప్ — కల్’.

సత్తిరాజు అది చదివి ఊపిరి పీల్చుకున్నాడు. రాయ్‌పూర్ వచ్చిన కొత్తలో కూరలమ్మి వాడిన వంకాయలు అంటగడుతూ “కల్ కా హై, సస్తా దే దూఁగీ” అంది, చవగ్గా ఇస్తానని. ఆవేళ నేర్చుకున్నాడు, కల్ అంటే నిన్న అని. ఇంకేం, బ్యాకప్‌లు నిన్ననే అయిపోయాయి!

“నడిపేస్తున్నానండీ” అన్నాడు, కీబోర్డు దగ్గరికి లాక్కుంటూ.

“ఏటి బాబూ, పన్నెండూ ఒక్కపాలేనేటి?” భీమారావు లేచొచ్చాడు. ఆ రోజు ఎడమకాలికి కొత్త బూటు. “కూసింత ఆగు. ముందు ఒక్కటే.”

“ఒకటి నడిపితే పన్నెండు నడిపినట్టేనండీ. అదే స్క్రిప్టు, అవే సర్వర్లు.”

“మనూరి బస్సులన్నీ ఎర్రగానే ఉంటాయి. అన్నీ ఒకే ఊరెల్తాయేటి?”

భీమారావు ముందుకు వంగి, జాబితాలో పదకొండు పేర్లు చెరిపేశాడు. మందిర్ హసౌద్ ఒకటి మిగిలింది.

“ఇంకో మాట. మొదటిది నా కుర్చీలోంచి, నా పేరుతో నడవాల. మిగతావి నువ్వు నడుపుకో.”

ఇది కూడా ఆయన పాత రివాజే. కుర్రాళ్ళు ఎవరు ఏ కొత్త పని చేసినా మొదటిది ఆయన పేరుతో నడవాల్సిందే. ఎవరు ఏ సర్వర్లో ఏం చేశారో కంప్యూటరు పేరుతో సహా రాసి పెట్టుకుంటుంది. ఆ కాగితం వారం వారం జీఎం గారికి వెళుతుంది. ‘రాత్రులు నిద్రమాని రాసింది నేను, రిబ్బను కత్తిరించేది తమరు’ అనుకున్నాడు సత్తిరాజు. పైకి మాత్రం “అలాగేనండీ” అన్నాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఆ ఒక్క మాటే చేతనవుతుంది.

భీమారావు తన పేరు కొట్టి, స్క్రిప్టు నడిపి, టీ తెప్పించాడు.

టీ సగం కాకుండానే ఫోను మోగింది. మందిర్ హసౌద్ యార్డులో లారీలు తూచే కాటా దగ్గర్నించి. “సాబ్, కాంటా బంద్ హో గయా. కంప్యూటర్ ఉఠ్ నహీఁ రహా!” కాటా ఆగిపోయింది, కంప్యూటరు లేవడం లేదట. వెనక లారీల హారన్లు మొదలయ్యాయి.

సత్తిరాజు స్క్రిప్టుని మొదటి నుంచి మళ్ళీ చదివాడు. ఎమ్మెస్సీ బుర్ర పనిచేసింది. తప్పెక్కడో కనబడింది. ఆయన ఫైల్లో ఒక్క తేదీ వరుసే మార్చి ఊరుకోలేదు. సిల్తారా పెద్ద సర్వరు ఫైలు మొత్తాన్ని తీసుకెళ్ళి అన్నిటికీ తొడగమన్నాడు. ఇంత జ్ఞాపకశక్తి వాడుకో, ఇంత చోటు తీసుకో అని అందులో రాసి ఉన్న కొలతలు సిల్తారా మిషనుకి సరిపోతాయి. పెద్దమనిషి లాగూ చంటివాడికి వేసినట్టు, మందిర్ హసౌద్ చిన్న మిషను ఆ కొలతల్లో మునిగిపోయి లేవలేక కూర్చుంది.

“పరవాలేదండీ” అన్నాడు. “పాత ఫైలు బ్యాకప్‌లో ఉంటుంది. దేవాంగన్ నిన్న తీశాడుగా!”

తలుపు దగ్గర పాన్ నములుతున్న దేవాంగన్ ఆశ్చర్యపోయాడు. “కౌన్, మైఁ? మైఁనే తో కల్ లిఖా హై, భయ్యా.”

“అదే, కల్. నిన్న!”

“అరే, ఆనేవాలా కల్! ఇత్‌వార్!” అని దేవాంగన్ చేత్తో ముందుకి చూపించాడు. రాబోయే ఆదివారమని.

నిన్నకీ రేపటికీ ఒకే మాట వాడే భాష ఉంటుందని అనకాపల్లిలో ఎవరూ హెచ్చరించలేదు. సత్తిరాజు గోడకి ఆనుకుని లెక్కవేశాడు. పన్నెండింటిలో చిన్న మిషన్లు తొమ్మిది. ఆ పదకొండు పేర్లూ చెరపకపోయి ఉంటే ఈపాటికి తొమ్మిదీ పడుకునేవి. వెనక్కి రావడానికి నకలు ఒక్కటీ లేదు. ఆయన కళ్ళ ముందు అనకాపల్లి అరుగు, అరుగు మీద మామగారు, మామగారి మౌనం వరసగా కనిపించాయి.

భీమారావు జేబులోంచి జిడ్డోడుతున్న చిన్న పుస్తకం తీశాడు. పేజీకొక సర్వరు. ఏ సర్వర్లో ఏ సెట్టింగు ఎంతో, తన చేత్తో రాసుకున్నవి.

“ఇదెప్పుడు రాశారండీ?”

“భయమేసినప్పుడల్లా. చదువు, నే కొడతాను.”

సత్తిరాజు చదివాడు. భీమారావు ఒక వరుస కొట్టాడు. ఆగాడు. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. రెండో వరుస కొట్టాడు. ఫోనులో హారన్లు పెరుగుతున్నాయి. లారీల వరస రోడ్డెక్కిందని అవతలివాడు అరుస్తున్నాడు. “అన్నీ ఒకేసారి కొట్టేయండి బాబోయ్” అని సత్తిరాజు ఏడవడం ఒకటే తక్కువ. నలభై నిమిషాలకి మందిర్ హసౌద్ లేచింది. అంతలో జీఎం గారు వచ్చారు, చేతిలో అప్పటికప్పుడు తీయించిన కాగితంతో.

“యే కిస్‌కా కామ్ హై?” ఇదెవరి పని అని.

సత్తిరాజు నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి “అమ్మా!” అని వచ్చింది. భీమారావు ఆయన పాదం మీద కాలు వేశాడు. వేసింది కొత్త బూటు కాలు.

“మేరా హీ హై సర్” అన్నాడు భీమారావు. “కాగజ్ మేఁ నామ్ హై నా.” తనదేనని, కాగితంలో పేరుందిగా అని.

జీఎం గారు కాగితం చూశారు. భీమారావు బూట్లు చూశారు. ఒంటికాలి మీద నిలబడ్డ సత్తిరాజుని చూశారు. “ఠీక్ హై. మెమో మిలేగా” అని వెళ్ళిపోయారు.

సత్తిరాజుకి కాలికన్నా లోపల ఇంకెక్కడో ఎక్కువ నొప్పెట్టింది. “నేను చెప్పేస్తానండీ. తప్పు నాది.”

“చెప్పీసి ఏటి చేస్తావు? మీ పాప కోసం మామగారు ఉయ్యాల కట్టి ఉంచేరేటి అనకాపల్లిలో? కూకో. స్క్రిప్టు సరిచెయ్యి. ఫైలంతా కాదు, ఆ ఒక్క వరుసే మార్చమను.”

ఆదివారం, అంటే అసలైన కల్, దేవాంగన్ బ్యాకప్‌లు తీశాడు. ఈసారి సత్తిరాజు తారీఖు కూడా రాయించుకున్నాడు. సోమవారం మధ్యాహ్నం భీమారావు తన పేరుతో మందిర్ హసౌద్ మళ్ళీ నడిపాడు. ఇద్దరూ టీ తాగారు. సర్వరు బతికే ఉంది. ఇంకో టీ కూడా తాగారు. అప్పుడు భీమారావు కుర్చీలోంచి లేచి, “ఇప్పుడు నీ పేరుతో కానీ” అన్నాడు. పదకొండూ ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోయాయి. ఆ వారం జీఎం గారికి వెళ్ళిన కాగితంలో పదకొండు వరుసల్లో సత్తిరాజు పేరు, పదకొండుచోట్లా సవ్యం. పైన రెండు వరుసల్లో భీమారావు పేరు, మొదటిదాని పక్కన ఎర్ర సిరాతో గీత.

నెలాఖరుకి సత్తిరాజు చేతికి పర్మినెంటు ఉత్తరువు, భీమారావు చేతికి మెమో వచ్చాయి.

ఆ తర్వాతి ఆదివారం సత్తిరాజు, రత్నం పాపనెత్తుకుని, స్వీట్ల డబ్బా పట్టుకుని, డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ పక్కనున్న భీమారావు ఇంటికి వెళ్ళారు. ఆయన స్కూటరు వేసుకుని కాలనీ చుట్టూ మొదటి చుట్టు తిరుగుతున్నాడు. తాయారమ్మగారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. సత్తిరాజు గ్లాసు పట్టుకుని, కళ్ళు దించుకుని, మెమో సంగతి చెప్పేశాడు.

ఆవిడ నవ్వింది. లోపలికెళ్ళి ఒక అట్ట ఫైలు తెచ్చింది. అందులో మెమోలు, తారీఖుల వరసన.

“ఇది అచ్చయ్యది. ఆడిప్పుడు ఎంత పెద్ద ఆఫీసరో! ఇది రామమూర్తిది. కొత్తలో చేతులు వణికీవి పాపం. ఇది నీది బాబూ, తొమ్మిదోది. పేర్లు మాత్రం అన్నిటి మీదా ఈయనవే.”

సత్తిరాజు తొమ్మిదీ తిరగేశాడు. ప్రతి ఒక్కటీ ఏదో ఒక ‘మొదటిది’. చెడిపోతే మొదటిదే చెడిపోతుంది, అది భీమారావు పేరు మీద ఉంటుంది. బాగుపడితే మిగతావన్నీ బాగుంటాయి, అవి కుర్రాళ్ళ పేర్ల మీద ఉంటాయి. రిబ్బను కత్తిరిస్తున్నాడనుకున్న మనిషి ఇన్నేళ్ళూ చేసింది ఇది.

“మరి ఆఫీసులో పెళ్ళి ముచ్చట కూడా చెప్పుకుంటారండీ” అన్నాడు. “మొదటి ముడి వేసి ఆగిపోయారని…”

“ఆగేరు.” తాయారమ్మగారు తల పక్కకి తిప్పుకుంది. ఆ వయసులోనూ ఆవిడకి సిగ్గొచ్చింది. “వంగి, నాకొక్కదానికే వినబడీలాగ అడిగేరు. ‘నీకిష్టవేనా? ఇంకా రెండున్నాయి, చెప్పీ’ అని. అంతవరకూ నన్నెవులూ అడగనేదు బాబూ. మా నాన్న కూడా.”

“మీరేమన్నారండీ?” అంది రత్నం, పాపని ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ.

“జవాబు రావడానికి కూసింత టైము పట్టింది. ఆ టైమునే మీ ఆఫీసోళ్ళు ఇన్నేళ్ళూ సాగదీస్తన్నారు.”

ఇంతలో స్కూటరు వచ్చి ఆగింది. భీమారావు అట్ట తెరిచి ఉండటం చూసి పెళ్ళాం వైపు కోపంగా చూడబోయి, సగంలో మానుకున్నాడు. సత్తిరాజు డబ్బా అందిస్తే ఒక్క దూద్‌పేడా తీసుకుని, తిని, వాచీ చూసుకున్నాడు.

“మీకు భయం వెయ్యదా అండీ, ఇన్ని మెమోలు?” అన్నాడు సత్తిరాజు.

“ఎందుకెయ్యదూ? మొదటి మెమోకి రెండు రాత్రులు నిద్దర్లేదు. తర్వాతవి చూసి సంతకం పెట్టడవే.” భీమారావు పాపని ఎత్తుకున్నాడు. ముందు ఒక చేత్తో పట్టి చూసి, తర్వాత రెండో చెయ్యి వేశాడు. “భయం పోదు బాబూ. నాకు పోనేదు, నీకూ పోదు. పిల్లున్న ఇంట్లోంచి అసలే పోదు. పోయీదాకా కూకుంటే పనులవ్వవు. అందుకని మొదటిది నీ మీద పెట్టుకో. కూసింతసేపు ఆగి చూడు. బావుంటే మిగతావి చిన్నోళ్ళకిచ్చీ. అంతే.”

సరిగ్గా పది నిమిషాలకి రెండో పేడా తీసుకున్నాడు.

రెండువేల సంవత్సరం వచ్చింది. పన్నెండు సర్వర్లూ నిక్షేపంగా అందులోకి నడిచి వచ్చాయి. పాప కూడా నడక నేర్చింది. శంకర్ నగర్ పార్కులో జారుడుబల్ల చూసి అది ఎక్కుతానని మొండికేస్తే, సత్తిరాజు యథాప్రకారం దాని ఎత్తు, వాలు, కింద ఇసుక లోతు లెక్కవేసి చెమటలు కక్కాడు. వద్దని ఇంటికి లాక్కుపోయే మనిషే. ఆ రోజు మాత్రం బూట్లు విప్పి, ఆఫీసు ప్యాంటుతో మెట్లెక్కాడు. వెనకే పాపని పట్టుకుని రత్నం ఎక్కింది.

“ఏయ్ బాబూజీ! లఇకా మన్ కే హే, ఉతర్!” అంటూ తోటవాడు కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. పిల్లలది, దిగమని.

“పహలే ఏక్, భాయ్!” అని అరిచి, కళ్ళు మూసుకుని జారాడు. సగంలో ఇరుక్కున్నాడు. తోటవాడు కాళ్ళు పట్టి లాగాడు. ఇసుకలో పడి, లేచి, ప్యాంటు దులుపుకుని, నడుము ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకుని, చిరిగిన కుట్టు చేత్తో కప్పుకుంటూ పైనున్న పాప వైపు చూశాడు.

“బావుందమ్మా” అన్నాడు. “ఇప్పుడు నువ్వు రా.”